మూడో ఆయ్

మధ్యాహ్నం ఒంటిగంటకి
రొయ్యల చెరువుల మీద చక్రాలు ఆపుతారు.
అప్పుడు మొదలవుతుంది నా ఉద్యోగం.

బీరువా పక్క సందులో
కొబ్బరిపీచు పరుపులు మూడు నిలబెట్టి
లోపల ఒక మైకు, ఒక స్టూలు, నేను.
ఫ్యాను లేదు, ఫ్యానుకీ గొంతుంది కనక.
సఖినేటిపల్లిలో రోహిణి ఎండ.
నా కాగితంలో మంచు కురుస్తోంది,
పన్నెండేళ్ల కత్తిసాము కుర్రాడికి పళ్లు కొట్టుకోవాలి.
పదకొండేళ్లుగా వాడికి పన్నెండే.
నాకే నలభై మూడొచ్చాయి.

కార్టూను అయితే పెదవులుంటాయి.
జపాను నోరు మూడుసార్లు తెరుచుకుంటుంది,
అందులో "నన్ను క్షమించు నాన్నా" పట్టదు.
"తప్పైంది" పడుతుంది.

ఆటలకి పెదవులుండవు. హైదరాబాదు నుంచి జాబితా వస్తుంది:
దెబ్బ, చిన్నది. దెబ్బ, మధ్యరకం. దెబ్బ, పెద్దది.
గోడ దూకడం. దూకలేకపోవడం.
చావు, కత్తితో.
చావు, ఎత్తు నుంచి.
చావు, నీళ్లలో, నాలుగు రకాలు.

ఆ నాలుగో రకం దగ్గర ఎప్పుడూ ఆగుతాను.
గోదారొడ్డున పుట్టినవాళ్లకి తెలుసు,
మునిగేవాడు అరవడు.
అలాగే పంపాను. ఏమీ వినపడలేదన్నారు.
సరే, అరిచాను.
అరిచినందుకే డబ్బులిచ్చారు.

పక్కింటి సుభాషిణమ్మ మొదట్లో తలుపు బాదేది,
"ఏమైందే కెజియా, ఎవడు కొడుతున్నాడే?"
ఇప్పుడు బాదదు.
"ఇవాళెన్నిసార్లు పోయావ్?" అనడిగి
రెండు ములక్కాడలు గుమ్మంలో పెట్టి పోతుంది.

మొదటి రోజు అద్దం అవతల నుంచి డైరెక్టరు,
"మేడమ్, ఆ సాగదీత తీసెయ్యండి.
మీ గోదారి తీసెయ్యండి."
తీశాను.
ఆయ్ తీశాను, అండీ తీశాను,
వాక్యం చివర ఇంతెత్తు లేచే గొంతుని
ఇస్త్రీపెట్టె పెట్టి నొక్కాను.
ఏ ఊరిదీ కాని తెలుగొకటి నేర్చుకున్నాను.
బియ్యం దాంతోనే వస్తాయి, దాన్నేమనను.

మా అమ్మ లేసు అల్లేది.
నరసాపురంలో షావుకారు అరుగు మీద లెక్క చదివేవాడు.
"ముప్పై."
"ఆయ్."
"రెండు మాసినయ్యి, కోత."
"ఆయ్."
"నూలు డబ్బులు పోను..."
"ఆయ్."
ఒప్పుకుంటోందనుకునేవాడు.
కింద మెట్టు మీద కూర్చున్నదాన్ని, నాకు తెలుసు.
మూడో ఆయ్‌కి
లేసు సూది అమ్మ పళ్ల మధ్య ఉండేది.

నిరుడు అదే కుర్రాడి ఆటలో
దుకాణం ముసలమ్మ కూడా నేనే.
పదిహేడు మాటలు, ఒక దగ్గు.
సామాను కొన్నప్పుడల్లా "సరే" అనాలి.
రెండుసార్లు "సరే" అన్నాను.
మూడోసారి చెరువు మీద చక్రం తిరగడం మొదలైంది,
తొందరలో నోరు జారింది.
జారిందని రాసుకుంటున్నాను.
దాన్నే పంపాను.
ఏ చెవీ పట్టుకోలేదు.

మొన్న పంటు మీద నరసాపురం వెళ్తుంటే
మోటారుసైకిళ్ల మధ్య, కోళ్లగంప మీద మోచెయ్యి ఆనించి
ఒక కుర్రాడు ఫోన్లో ఆడుతున్నాడు.
రేవు దాటేలోపు రెండుసార్లు చచ్చాను.
రెండోది నీళ్లలో, నాలుగో రకం,
కింద నిజం గోదారి.
వాడు విననైనా వినలేదు. మళ్లీ నొక్కాడు.

తర్వాత దుకాణానికెళ్లాడు.
ఒక బాణం కొన్నాడు.
"ఆయ్."
తలెత్తాడు. చుట్టూ చూశాడు.
నన్ను చూశాడు, నా మీదుగా అవతలి గట్టు చూశాడు.
ఇంకో బాణం.
"ఆయ్."
నవ్వుతూ, ఉన్న బంగారమంతా బాణాలకే పోశాడు.
విల్లు లేదు వాడి దగ్గర.

ఇంజను ఆగింది. రేకు గట్టు మీద దభీమని పడింది.
టికెట్లతను చెయ్యి చాపి
"కోళ్లకి కూడా కట్టాలి, ఇంకో పది తియ్యరా" అన్నాడు.
"ఆయ్" అన్నాడు కుర్రాడు,
జేబు తడుముకోకుండా, గంపెత్తుకుంటూ.

అది మూడోది.